కప్పతల్లియు క్రిస్మసు తాతయు

క్రైస్తవ తలిదండ్రులు ఉపాధ్యాయుల నడుగు ప్రశ్నలలో చదువునకు సంబంధించినవి సగమే. తక్కిన వన్నియు పండుగలను గూర్చినవి. మా బిడ్డ పొరుగింట ఉగాది పచ్చడి తినవచ్చునా, దీపావళికి టపాకాయలు కాల్చవచ్చునా, పీర్ల పండుగనాడు వీథిలో పులివేషములు చూడబోవచ్చునా, తోడి పిల్లలు పిలిచినప్పుడు బొమ్మల కొలువునకు వెళ్లవచ్చునా యని తల్లులు మమ్ము నడుగుచుందురు. ఇట్లడుగుట మంచిదే. బిడ్డ యెవరితో తిరుగుచున్నాడో, యేమి తినుచున్నాడో విచారింపని యింటికంటె విచారించు నిల్లు మేలు. కాని యిరువదేండ్లకు మించిన మా యుపాధ్యాయ వృత్తిలో క్రిస్మసు తాతను గూర్చి మమ్ము ప్రశ్నించిన తల్లిగాని తండ్రిగాని యొక్కరును లేరు. ఎఱ్ఱ అంగీయు దూదిగడ్డమును ధరించి యాతడు మన గుడిలోనికే నడచి వచ్చుచున్నాడు. ఎక్కడనుండి వచ్చితివని మనము అడుగుట లేదు. ఈ రెండు విధముల నడవడికను ప్రక్కప్రక్కన నుంచి చూడవలెనని మాకు తోచినది.

మొదట మా తప్పునే చెప్పుకొందుము.

మన అనంతపురపు మెట్టసీమకు సంవత్సరమున కురియవలసిన వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. పడమటి కనుమలు నైరృతి మేఘములను తమ యవతలనే దింపుకొనును. తూర్పు సముద్రము దూరమగుటచే ఈశాన్యపు వాన మనలను చేరులోపల సన్నగిల్లును. ఈ కొలతయైనను సకాలమున కురిసిన సంవత్సరములు తక్కువ. కావున మన పల్లెలలో పిల్లల యాటలలో గూడ వాన యున్నది. కప్పతల్లి యట్టిది. ముంగారు గడచుచున్నను చినుకు రాలని యేట పిల్లలు ఒక కప్పను పట్టి, గుడ్డలోచుట్టి రోకలికి గట్టి, వేపమండలు చుట్టి, ఇద్దరు దానిని భుజములపై మోయగా తక్కినవారు పాడుచు ఇంటింటికి తిరుగుదురు. ఇల్లాండ్రు బిందెడు నీళ్లు తెచ్చి కప్పమీద గ్రుమ్మరింతురు. ఆ నీళ్లలో సగము పిల్లల మీదనే పడును. దోసెడు జొన్నలో, కొఱ్ఱలో, నాలుగు డబ్బులో యిత్తురు. సాయంకాలమున వచ్చిన గింజలు వండుకొని అందరును తిందురు.

కొన్ని సంవత్సరముల క్రిందట అట్టి యెండుకాలములో మా కుమారుడు, అప్పటికి తొమ్మిదేండ్లవాడు, తలనుండి నీళ్లు కారుచు, జుట్టులో వేపాకు చిక్కుకొని, గుప్పెట జొన్నలతో నింటికి వచ్చెను. ఎచ్చటినుండి యని యడిగితిమి. దాచక చెప్పెను. మేము రెండు దెబ్బలు కొట్టితిమి. పది యాజ్ఞలలో మొదటిది యేదో చెప్పుమని గద్దించితిమి. వాడు ఏడ్చుచునే చెప్పెను, చెప్పి, "ఆదివారము మనము గుడిలో వాన కోసరము ప్రార్థన చేసినాము గదా నాయనా. వాండ్లు గూడ వానే అడిగినారు" అనెను. దీనికి మేమేమియు నుత్తర మీయలేదు. ఎదురు మాటలాడవద్దని మాత్రమంటిమి. ఉపాధ్యాయునకు ఉత్తరము తెలియనప్పుడు ఆడుమాట యిదియే యని మా విద్యార్థులకు బాగుగా తెలియును.

ఆ సాయంకాలము ప్రక్కయింటి యవ్వ పిల్లలు వండిన సంకటిలో మావాని పాలు ఆకులో పెట్టి తెచ్చినది. మేము వలదని పంపివేసితిమి. ఆమె యేమియు ననలేదు. కాని మరునాటినుండి వీథి బాలురు మావానిని గోలీలాటకును పిలువలేదు. మా కుళాయికి వారమున కొకనాడు నీరు వచ్చుచుండిన దినములవి. తక్కిన దినములలో మేము త్రాగినది ఆ యవ్వ యింటి బోరునీరే. ఆమె యింటి సంకటి మాకు పనికిరాలేదు గాని యామె నీరు మాకు పనికివచ్చెను. ఈ సంగతిని మా గృహిణి మాకు గుర్తుచేయవలసి వచ్చెను.

ఆ సంవత్సరపు డిసెంబరు మాసముననే రెండవ సంగతి జరిగెను. అప్పుడు మేము వేరొక పాఠశాలలో పనిచేయుచుంటిమి. అచ్చట క్రిస్మసు తాత వేషము వేయు భారము మాపై బడెను. దూదిగడ్డము బంకతో నంటింతురు. అది పెట్టు దురద ననుభవించినవారికే తెలియును. పద్ధతి యెట్లన, తలిదండ్రులు తమ బిడ్డలకు తామే కానుకలు కొని, పొట్లముగట్టి, పేరువ్రాసి ముందుగా కార్యాలయమున రహస్యముగా నిచ్చివేయుదురు. తాత సంచిలోనుండి యొక్కొక్క పొట్లము తీసి పేరు చదివి, "మంచి పిల్లలకు తాత కానుకలు తెచ్చినాడు" అని యిచ్చును. కంట్రాక్టరుగారి కుమారునకు మీట నొక్కినంతనే పరుగెత్తు కారు వచ్చినది. బ్యాంకు ఉద్యోగి కూతునకు తనయంత బొమ్మ వచ్చినది. వసతిగృహపు పిల్లల తలిదండ్రులు ఆ కరవున బెంగుళూరికి కట్టడపు పనులకు పోయియుండిరి. వారు పొట్లములు పంపుట యెట్లు? కావున పాఠశాలవారే వారికి తలకొక పెన్సిలు పెట్టె కొని సంచిలో వేసిరి. వారి యుద్దేశము మంచిదే.

సభ ముగిసి మేము గడ్డము తీయకముందు నాలుగవ తరగతి బాలుడొకడు వెనుకగా వచ్చి మా యంగీ పట్టుకొని మెల్లగా నడిగెను: "తాతా, నేనేం తప్పు చేసినాను?"

వాడు పెన్సిలు పెట్టె చెడ్డదనలేదు. ఇంకొకటి కావలెననలేదు. మంచి పిల్లలకు మంచి కానుకలు వచ్చుననిన మాటను వాడు నమ్మెను. నమ్మి, లెక్క సరిచూచుకొనెను. వాని లెక్కలో తప్పు లేదు. తప్పు మేము చెప్పిన మాటలో నున్నది. జూలై మాసమున వానకై పాడినందులకు మా కుమారుని కొట్టిన చేతులతోనే డిసెంబరున మేము ఈ బాలునకు అసత్యమును పంచి పెట్టితిమి. మొదటి దానికి మా సంఘములో పలువురు మమ్ము మెచ్చిరి. రెండవదానికిని మెచ్చిరి, గడ్డము బాగుగా నమరినదని.

మనము పరాయి వానిని గుమ్మమున నిలిపి ప్రశ్నింతుము. ఇంటివాడని తలచిన వానిని ప్రశ్నింపము. క్రిస్మసు తాత యింటివాడేనా? కొంతవఱకు నౌను. నాలుగవ శతాబ్దమున నేటి తుర్కీ దేశపు దక్షిణ తీరమందలి మైరా పట్టణమునకు నికొలాసు అను బిషప్పు ఉండెను. వరకట్నము లేక యవివాహితలై యుండిన మువ్వురు కన్యల యింటిలో ఆయన రాత్రివేళ ఎవరికి తెలియకుండ బంగారు మూటలు వైచెనను కథ ఆయనను గూర్చి ప్రసిద్ధము. మన దేశమున నీ కథ యర్థము గాని తండ్రి యుండడు. ఆయన స్మారక దినము డిసెంబరు 6. డచ్చివారు ఆయనను సింటర్‌క్లాస్ అనిరి. ఆ పేరే అమెరికాలో శాంటాక్లాజ్ అయ్యెను. 1823లో న్యూయార్కు రాష్ట్రపు ట్రాయ్ పట్టణమందలి యొక పత్రికలో వెలువడిన గేయము ఆయనకు జింకల బండి నెక్కించెను. 1863 మొదలు థామస్ నాస్ట్ అను చిత్రకారుడు వారపత్రికలలో ఆయనకు బొజ్జయు గడ్డమును సమకూర్చెను. 1931 నుండి హాడన్ సండ్‌బ్లోమ్ గీసిన కోకాకోలా ప్రకటనలు ఆ రూపమును లోకమంతటను స్థిరపరచెను. నికొలాసు బిషప్పు పేరు చెప్పక రాత్రివేళ బీదల కిచ్చెను. ఆయన పేరుమీద మనము పగటివేళ, సభలో, పేరుచదివి, ఉన్నవానికి హెచ్చుగను లేనివానికి తక్కువగను ఇచ్చుచున్నాము. ఇన్ని దేశములు తిరుగుటలో నింత మార్పు వచ్చెను.

క్రిస్మసు చెట్టు సంగతియు నింతే. అది జర్మనీ గృహములనుండి వచ్చినది. 1848లో లండను సచిత్ర వారపత్రికయందు విక్టోరియా రాణి కుటుంబము చెట్టుచుట్టు నిలిచిన బొమ్మ ప్రకటింపబడిన పిమ్మట ఇంగ్లీషువారి యిండ్లలో నది వ్యాపించెను. అంతయేల, డిసెంబరు 25ను ప్రభువు జన్మదినముగా నాచరించినట్లు రోమునందలి యాధారము 336 నాటిది. సువార్తలలో తేదీ లేదు. ఈ కారణముననే క్రిస్మసును ఆచరింపని సహవాసములు మన జిల్లాలోనే గలవు. వారి మాట మన చెవికి కటువుగా దోచినను వారు తమ నియమమును ఒకే కొలబద్దతో గొలుచుచున్నారు. మనము రెండు కొలబద్దలు పెట్టుకొంటిమి.

ఇచ్చట నొక చిత్రమును జెప్పవలెను. మన సీమకు సువార్త తెచ్చినవారిలో ముఖ్యులు 1795లో స్థాపింపబడిన లండను మిషనరీ సొసైటీవారు. 1810లో జాన్ హ్యాండ్స్ దొర బళ్లారిలో పనియారంభించెను. 1882 వఱకు అనంతపురము బళ్లారి జిల్లాలోని భాగమే. ఆ శతాబ్దము చివరి భాగమున గుత్తియు అనంతపురమును వారి కేంద్రములయ్యెను. ఆ సొసైటీలో నధికులు కాంగ్రిగేషనల్ సంఘమువారు. వారి పూర్వులు ప్యూరిటనులు. ఆ ప్యూరిటనులు క్రిస్మసు నెట్లు చూచిరో యెరుగుదుమా? 1647లో ఇంగ్లాండు పార్లమెంటు క్రిస్మసు పండుగను రద్దు చేసెను. 1659లో మసాచుసెట్సు వలసవారు క్రిస్మసు నాచరించినవారికి 5 షిల్లింగుల జరిమానా విధించిరి. ఆ చట్టము 1681 వఱకు నిలిచెను. అనగా, మన మిషనరీల ముత్తాతలు మన యింటి నక్షత్రదీపమును చూచియుండినచో మనకు జరిమానా వేసియుందురు. వారి మనుమలు వచ్చి మనకు క్రిస్మసు నేర్పిరి. నడుమ నేమి మారినది? పండుగ పుట్టుక మారలేదు. దానితో వారు చేయుచుండిన పని మారినది.

ఇట్లు చూచినచో, ఆచారము ఎచ్చట బుట్టెనను ప్రశ్న మనల నెక్కువ దూరము కొనిపోదు. పురుషోత్తమ చౌధరిగారు (1803–1890) తెలుగువారి రాగతాళములలో క్రీస్తుకీర్తనలు రచించిరి. ఆ రాగములలో అంతకుముందు ఎవరిని కీర్తించిరో యాయనకు తెలియనిది కాదు. నేడు ఆయన కీర్తన లేని తెలుగు ఆరాధన యరుదు. కోతపండుగనాడు మన పల్లె సంఘములలో వేరుసెనగ మూటలు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి గుడియెదుట బెట్టి వేలము పాడుదురు. అది సంక్రాంతికి చుట్టము కాదని యెవరైన ననగలరా? క్రిస్మసు వేకువను మన యాడుబిడ్డలు వాకిట ముగ్గువేసి నడుమ నక్షత్రము దిద్దుదురు. ముగ్గునకు మతమేమి? నవంబరు 14న నెహ్రూగారి జన్మదినమును బాలలదినముగా జరుపుకొనుచు మిఠాయి పంచినప్పుడు మన కేయనుమానమును రాదు. పుట్టినదినమున మైనపువత్తి వెలిగించి యూది యార్పుట యేలనో యెవరికిని తెలియదు, అందరమును ఊదుచున్నాము.

అయినచో అన్నిటికిని తలుపు తెరచివేయుదమా యని యడుగుదురు. ఇచ్చట మాకు బుద్ధిచెప్పినది గ్రంథములు కావు, మా విద్యార్థిని తల్లి యొకతె. కప్పతల్లి ఆటయే గదా, పిల్లలను పోనిమ్మని తలిదండ్రుల కూటమిలో మేము చెప్పుచుండగా నామె లేచి, "మీకు అది ఆట సారూ, మాకు అది వెట్టి" అనినది. ఆమె మామగారు బ్రదికినన్నాళ్లు ఊరి జాతరలో డప్పు కొట్టవలసినవాడు. కొట్టనన్న నాడు పనిలేదు, గింజలేదు. బాప్తిస్మము పొందిన తరువాత ఆ యింటివారు డప్పు దించుటయే వారి మొదటి స్వాతంత్ర్యము. జాతరయన్నను, ఊరి మ్రొక్కులన్నను ఆమెకు గుర్తువచ్చునది మామగారి వంగిన వీపు. మూడు తరములుగా క్రైస్తవులమై, ప్రభుత్వపు జీతముతో పట్టణమున నివసించు మాకు కప్పతల్లి వింతయాటగా కనబడుట సులభము. ఆమెకు గాదు. మేము ఆమె యెదుట మా మాటను వెనుకకు దీసికొంటిమి.

ఈ తగవు క్రొత్తది గాదు. 601లో గ్రెగొరీ పోపు, ఇంగ్లాండులోని పాత గుళ్లను పడగొట్టక శుద్ధిచేసి వాడుకొనుడని తన వారికి జాబు వ్రాసెను. పదునెనిమిదవ శతాబ్ది యారంభమున ఫ్రెంచి యేసుసభ గురువులు కర్ణాటక మిషన్ పేర తెలుగుదేశములో తిరుగుచుండిన కాలమున దీనికి మారుగా జరిగెను. బొట్టు, విభూతి, పెండ్లి తంతులు, అన్యుల యుత్సవములలో క్రైస్తవులు వాద్యములు వాయించుట మొదలగువానిని గూర్చి 1704లో పుదుచ్చేరిలో టూర్నాన్ అను పోపుగారి ప్రతినిధి నిషేధపు టాజ్ఞ వెలువరించెను. వాదము నలువదేండ్లు సాగి 1744లో పదునాలుగవ బెనెడిక్టు పోపు తీర్పుతో ముగిసెను. రోములోని పండితులు నలువదేండ్లు తర్కించిన విషయమును ఉగాదినాటి యుదయమున పచ్చడిగిన్నె చేతబట్టి గుమ్మమున నిలిచిన పొరుగమ్మ యెదుట మన తల్లి యొక్క నిమిషమున తేల్చుకొనవలెను! ఆమెపై మనకు దయయుండవలెను.

పౌలు అపొస్తలుడు కొరింథు సంఘమునకు వ్రాసిన మొదటి పత్రికలో ఈ విషయమునే విచారించెను. అంగడిలో అమ్మిన మాంసమును ప్రశ్నింపక తినవచ్చుననియు, పిలిచినవారి యింట పెట్టినది తినవచ్చుననియు, ఇది విగ్రహమున కర్పించినదని యొకడు చెప్పినచో, ఆ చెప్పినవాని నిమిత్తము మానవలెననియు ఆయన యుపదేశము. ఇందు మేము గమనించునది, ఆయన దృష్టి మాంసముపై లేదు, ప్రక్కన కూర్చున్న మనుష్యునిపై నున్నది. ఆ తల్లియెదుట మేము మాట వెనుకకు దీసికొనుట యిందువలననే. ఆమె బిడ్డను కప్పతల్లి వెంట పొమ్మనుటకు మాకు హక్కు లేదు. అట్లే మా బిడ్డ పోయినందున వాడు భ్రష్టుడయ్యెననుటకును హక్కు లేదు. అన్ని యిండ్లకును ఒకే చట్టము వ్రాసి గుడిగోడకు అంటింపుమని మమ్మడుగు పెద్దలకు మేమిచ్చు నుత్తర మిది.

మా యవ్వ ఈ పత్రికను చదివినది కాదు. ఆమె నిశానీ. అయినను సంకటి సంగతి జరిగిన తరువాత వచ్చిన యుగాదికి ఆమె పచ్చడి గిన్నె తెచ్చి గుమ్మము వెలుపలనే నిలిచి, "అయ్యవారూ, సామికి పెట్టకముందే మీకని తీసి పెట్టినాను. తినండి" అనెను. మేము చేసిన యవమానమునకు కోపగించుకొనక, మా నియమ మేదియో తానే విచారించి, దానికి దారి చేసికొని వచ్చినది. నాటినుండి ప్రతి యుగాదికి మా పాలు ముందుగానే వేరుచేసి యుంచును, ఓళిగలును అట్లే. మా క్రిస్మసు రొట్టెలో గ్రుడ్డు కలుపక వేరుగా నొకటి చేయుట మా గృహిణి ఆ తరువాతనే నేర్చెను. ఈ రెండు గిన్నెల రాకపోకలలో మా పిల్లలు నేర్చినది మేము ఆదివారపు బడిలో సంవత్సరమంతయు చెప్పినను నేర్పలేము.

మా యింట ఇప్పుడు జరుగుచున్న దేమనగా, పంపిన తినుబండారము పుచ్చుకొందుము. పీర్లపండుగకు చదివించిన చక్కెర యని చెప్పి యిచ్చినచో, పిల్లలు చేతులు జోడించి మర్యాదగా మానుకొందురు; ఇచ్చినవారు మా సంగతి యెరుగుదురు గనుక నొచ్చుకొనరు. పులివేషము చూతురు, అలావ గుండమునకు మ్రొక్కరు. బొమ్మల కొలువు చూడబోదురు, హారతివేళకు లేచి వత్తురు. దీపావళి టపాకాయలు మేము కొనము, కాని యిందులకు కారణము మతము గాదు, కాల్చివేయుటకు డబ్బులేమి. ఇవన్నియు సరియైనవని మేము పట్టుపట్టము. మా తోడి యుపాధ్యాయులలో కొందరు మేము చాల వదలితిమందురు. ఒకరిద్దరు ఇంకను వదలవలెనందురు. ఒక్కదానిని మాత్రము గట్టిగా చెప్పుదుము. మానవలసిన దానిని బిడ్డకు ముందుగా చెప్పవలెను, కారణముతో చెప్పవలెను, పొరుగువారిని ఎగతాళి చేయక చెప్పవలెను. తడిసి వచ్చిన తరువాత కొట్టినచో వాడు నేర్చునది ఆజ్ఞ గాదు, దాచుట.

ఇక తాత సంగతి. ఆయనను వెళ్లగొట్టవలెనని మేమనుట లేదు. పిల్లల నవ్వు మాకును కావలెను. మన యూళ్లకు పగటివేషగాండ్రు వచ్చెడివారు. వేషము క్రింద నున్నది మనిషియని నాలుగేండ్ల పిల్లకును తెలియును. అయినను కేకలువేసి పరుగెత్తును. తెలిసియుండుట వలన సంతోషమునకు లోపము రాలేదు. తాతను గూడ అట్లే పగటివేషముగా రానిమ్ము. గడ్డము క్రింద నున్నది అయ్యవారని పిల్లలు గుర్తుపట్టి అల్లరి చేయనిమ్ము. కాని "మంచి పిల్లలకు" అను మాట మన నోట రాగూడదు. మంచితనమును తూచి కానుకయిచ్చు దేవుడు మన సువార్తలో లేడు. అర్హత లేనివారికి ఉచితముగా నీయబడినదని మనము ఏ పండుగనాడు ప్రకటించుచున్నామో, ఆ పండుగనాడే ఆ వేదిక మీదనే, నీ నడవడికి తగినంత నీకు వచ్చునని నాలుగవ తరగతి బాలునితో చెప్పుట కంటె పెద్ద విగ్రహారాధన మాకు తోచుట లేదు. కప్ప పాపము ఏ బిడ్డను నీవు తప్పుచేసితివా యని యడుగలేదు. అది తడిపిన వారిలో ఉన్నవాడు లేనివాడను భేదము లేదు.

ఆ బాలునకు మేమిచ్చిన యుత్తరమేమని చదువరులు అడుగవచ్చును. ఏమియు నీయలేదు. గడ్డము తీసి, ముఖము కడుగుకొని, వసతిగృహమునకు పోవునప్పటికి పిల్లలు నిద్రించిరి. సంక్రాంతి సెలవులలో వాని తల్లి వచ్చి వానిని బెంగుళూరికి కొనిపోయినది. తిరిగి రాలేదు. వాడు ఆ మాటను మరచియుండునని మా మిత్రులందురు. మేము మరువలేదు.

మా యీ పాఠశాల వసతిగృహమునను తలిదండ్రులు వలసపోయిన పిల్లలున్నారు. కావున రానున్న క్రిస్మసునకు, ప్రధానోపాధ్యాయులవారి సమ్మతితో, మేమొక మార్పు చేయదలచితిమి. తలిదండ్రులు తమ బిడ్డకు ప్రత్యేకముగా నీయదలచినది తమ యింటనే యీయవచ్చును. పాఠశాలకు పంపునది మాత్రము ఎవరి పేరునను గాక, పిల్లలందరికి పంచుటకై పంపవలెను. పొట్లము విలువ ఒకే తీరుగా నుండుటకై యెంత వెచ్చింపవలెనో నవంబరు మాసపు తలిదండ్రుల కూటమిలో నిర్ణయింతుము. బీదవారు పంపనక్కరలేదు, పంపినవారి జాబితా చదువబడదు. పొట్లములు డిసెంబరు 15లోపల కార్యాలయమున చేర్చవలెను. వానిపై పేరు వ్రాయవలదని మనవి.